చిట్టా చీలిన చోట

ఒక పాఠశాల మార్కులన్నీ కంప్యూటరులో ఉన్నాయనుకుందాం. మధ్యాహ్నం 12 గంటలకు ఎవరో పదవ తరగతి పట్టికను పొరపాటున చెరిపివేశారు. మార్కులు పోయినట్లేనా?

పోలేదు. కొట్టు గుమాస్తా ముందు చిట్టా రాసి, తరువాత ఆవర్జాకు ఎక్కిస్తాడు, చూశారా? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు కూడా ప్రతి మార్పునూ ముందుగా తన చిట్టాలోనే రాసుకుంటుంది. రాత్రి తీసిన నకలు, ఆ తరువాతి చిట్టా భద్రంగా ఉంటే చాలు. నకలు మీద చిట్టాను వరుసగా అమలు చేస్తూ వచ్చి, 11.59 వద్ద ఆపవచ్చు. 2005లో వెలువడిన 8.0 కూర్పు ఈ సౌకర్యాన్ని తెచ్చింది.

అయితే తొందరలో 11.30కే ఆపి, పని మొదలుపెట్టారనుకోండి. ఆ 29 నిమిషాల మార్కులు ఇక పాత చిట్టాలోనే ఉన్నాయి. కొత్త చిట్టా అవే పేర్లతో దాని మీద పడితే? అవీ పోతాయి!

అందుకే ఇలా పునరుద్ధరించిన ప్రతిసారీ కొత్త చిట్టాకు కొత్త సంఖ్య పడుతుంది. అదే టైమ్‌లైను సంఖ్య. మొదటి చరిత్ర 1, ఇప్పటిది 2. చిట్టా దస్త్రం పేరులో 24 స్థానాలుంటాయి; మొదటి 8 ఈ సంఖ్యవే. 00000001తో మొదలయ్యేవి, 00000002తో మొదలయ్యేవి ఒకేచోట దాచినా కలగాపులగం కావు. రెండవది ఒకటవదాని నుంచి ఎక్కడ చీలిందో చెప్పే చిన్న చరిత్ర దస్త్రం కూడా తయారవుతుంది. నాకు ముచ్చట గొలిపేది ఇదే: దిద్దుబాటు పేరుతో పాత రాతను చెరపరు.

ఇప్పుడు రాత్రి నకలుతో మళ్లీ మొదలుపెట్టి 11.59 దాకా రావచ్చు. ఒక్క జాగ్రత్త. 2019 నాటి 12వ కూర్పు నుంచి, మనం ఏమీ చెప్పకపోతే అది అన్నిటికంటే కొత్త టైమ్‌లైను, అంటే 2 వెంట పోతుంది. అందులో ఆ 29 నిమిషాలు లేవు కదా! కనుక 1 వెంట పొమ్మని చెప్పాలి. అక్కడి నుంచి పుట్టేది 3.