కాలేయానికి కొవ్వు.. 'బల్ల' మీదా ఓ కన్ను!

సూర్యాపేట: కడుపునొప్పి అనో, గ్యాస్ అనో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆసుపత్రుల్లో స్కానింగు తీయించుకున్నవారి కాగితాల్లో తరచు కనిపిస్తున్న మాట 'ఫ్యాటీ లివర్'. కాలేయానికి కొవ్వు పట్టిందట అని ఆ ఒక్క మాటే ఇంటికి మోసుకొస్తారు. అదే కాగితంలో కాస్త కింద ప్లీహం కొలత కూడా రాసి ఉంటుంది. దాని సంగతి అడిగేవారు తక్కువ. కాలేయం ఎంతవరకు చెడిందో పట్టిచ్చే ఆనవాళ్లలో అదొకటి.

ప్లీహం అంటే తెలియకపోయినా 'బల్ల' అంటే పెద్దవాళ్లకు తెలుసు. వెనకటి రోజుల్లో మలేరియా పదేపదే వచ్చినవారికి ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగిలేది అదే. బల్ల కరగాలని కడుపు మీద వాతలు పెట్టించేవారు. పుండ్లు పడ్డాయే గాని బల్ల కరగలేదు. పెద్దవారిలో ప్లీహం పొడవు సుమారు 11, 12 సెంటీమీటర్లు. 13 దాటితే పెరిగినట్టే లెక్క. బాగా పొడగరులకు ఇంకాస్త ఉండవచ్చు.

కుడివైపు కాలేయానికీ, ఎడమవైపు బల్లకూ సంబంధమేమిటి? ప్లీహం నుంచి, పేగుల నుంచి వచ్చే రక్తం ఒకే పెద్ద సిరలో కలిసి కాలేయంలోకి పారుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. దిగువన తూము పూడితే నీరు ఎగదన్నుతుంది. కొవ్వు ఏళ్ల తరబడి ఉండి, కొందరిలో వాపుగా మారి, ఆ వాపు మచ్చలు కట్టి కాలేయం గట్టిపడితే రక్తమూ అలాగే వెనక్కి తన్నుతుంది. ప్లీహం ఉబ్బుతుంది.

ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుకుంటుంది. పరీక్షలో అవి లక్షా యాభై వేలకు తగ్గగానే మనవాళ్లు డెంగీ అని హడలిపోతారు. జ్వరం లేకుండా నెలల తరబడి తక్కువగానే ఉంటే అనుమానం కాలేయం మీదికి పోవాలి. ఇంకా ముదిరితే అన్నవాహికలోని సిరలు ఉబ్బి పగులుతాయి. రక్తం కక్కుకున్నా, విరేచనం తారులా నల్లగా అయినా తెల్లవారేదాకా ఆగకూడదు.

ఫ్యాటీ లివర్ ఉన్న ప్రతివారికీ ఇంతదూరం రాదు. మొదటి గ్రేడువారిలో చాలామందికి బల్ల మామూలుగానే ఉంటుంది. టైఫాయిడ్, తలసీమియా, రక్త క్యాన్సర్లలోనూ బల్ల పెరుగుతుంది గనుక పెరిగిన ప్రతిదానికీ కొవ్వును తిట్టుకోనక్కరలేదు. బల్ల మామూలుగా ఉందని మచ్చలు లేవనుకోవడమూ పొరపాటే. అందుకే వైద్యులు వయసు, రెండు కాలేయ పరీక్షలు, ప్లేట్‌లెట్లు కలిపి ఓ లెక్క కడతారు. అవసరమైతే ఫైబ్రోస్కాన్ రాస్తారు.

మందు ముట్టని ఆడవాళ్లకూ ఇదెందుకు వస్తోంది? సాగర్ నీళ్లు 1967లో వచ్చాక ఈ ప్రాంతం వరిచేలమయమైంది, మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరైంది. నడుం వంచి కోతలు కోసిన రోజుల్లో మూడు పూటలా తిన్న అన్నం అరిగిపోయేది. ఇప్పుడు కోత మిషనుది, అన్నం మాత్రం అంతే. దానికి చక్కెర జబ్బు తోడైంది. కేంద్ర ప్రభుత్వం 2021లో ఫ్యాటీ లివర్‌ను చక్కెర, గుండె జబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే కొవ్వు తగ్గుతుంది. 8 కిలోలు తగ్గితే వాపు, కొంతమేర మచ్చలు కూడా నయమవుతాయి. దీన్ని వదిలి పసరు మందుకు పోయేవారున్నారు. కొన్ని ఆకులే కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

2019లో వైద్య కళాశాల వచ్చిన సూర్యాపేట ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా పాత స్కానింగు కాగితాలు పారేయకుండా వెంట తీసుకెళ్లాలి. నిరుడు 11 ఉన్న బల్ల ఈ ఏడు 13 అయిందా అన్నది వాటిని పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.