క్యాన్సర్ మూలకణాలు: గుర్తును నమ్మాలా, నడతను చూడాలా?

తరాలుగా సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న తెలంగాణ పద్మశాలి కుటుంబాలకూ, తపతి సముద్రంలో కలిసే చోట హజీరా కర్మాగారాల్లో చెమటోడ్చే వలస కార్మికులకూ నోటి క్యాన్సర్ ఎక్కడో దూరాన ఉండే జబ్బు కాదు. గుజరాత్‌లో పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని 2016–17 జాతీయ సర్వే తేల్చింది. 2012లో ఆ రాష్ట్రం గుట్కాను నిషేధించినా వక్క, పొగాకు, సున్నం నలిపి కట్టే మావా పొట్లం చేతులు మారుతూనే ఉంది. అందుకే క్యాన్సర్‌కు, కణితిని మళ్లీ పుట్టించగల మూలకణాలుంటాయనీ, వాటిని పైపొర మీది గుర్తును బట్టి పట్టుకోవచ్చనీ వార్త వస్తే జనం ఆశగా చదువుతారు. ఆ ఆశతోపాటు కొన్ని అపోహలూ పుడతాయి. వాటిలో ఎక్కువ వాటికి వేరు ఒక్కటే: కణం తాత్కాలిక స్థితిని చెప్పే గుర్తును దాని శాశ్వత స్వభావంగా అనుకోవడం.

అపోహ: కణితిలో కొన్ని కణాలే అసలు దోషులు; వాటి మీద చెరగని ముద్ర ఉంటుంది.

వాస్తవం: ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. 1997లో టొరంటోలో డొమినిక్ బోనె, జాన్ డిక్ ఒక రకం రక్తక్యాన్సర్ కణాలను వేరుచేసి చూశారు. పైపొర మీద సీడీ34 అనే గుర్తు ఉండి సీడీ38 అనే గుర్తు లేని కొద్దిపాటి కణాలే ఎలుకల్లో జబ్బును మళ్లీ పుట్టించాయి. 2003లో మిషిగన్‌లో మైఖేల్ క్లార్క్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో సీడీ44 ఉండి సీడీ24 తక్కువగా ఉన్న కణాలు వంద ఎక్కించినా కణితి వస్తోందనీ, మిగతావి వేలల్లో ఎక్కించినా రావడం లేదనీ చూపింది. 2007లో తల, మెడ క్యాన్సర్లలోనూ సీడీ44 పేరే వినబడింది. కానీ సీడీ44 క్యాన్సర్ సొత్తు కాదు. కణాల మధ్య ఉండే హయలురోనిక్ ఆమ్లాన్ని పట్టుకునే ఈ ప్రోటీన్ మన తెల్ల రక్తకణాల మీద, చర్మం మీద, ఆరోగ్యంగా ఉన్న నోటి లోపలి పొర మీద కూడా ఉంటుంది. పైగా 2008లో షాన్ మోరిసన్ బృందం అంతకుముందు వాడిన ఎలుకలకన్నా రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న ఎలుకలను వాడితే, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఇంచుమించు నాలుగు కణాల్లో ఒకటి కణితిని పుట్టించగలిగింది. జబ్బు అదే, ఎలుక మారగానే ‘మూలకణాల’ సంఖ్య మారిపోయింది.

అపోహ: ఒంట్లో పాకేవి గుర్తున్న కణాలే, గుర్తు లేనివి ఉన్న చోటే ఉంటాయి.

వాస్తవం: ఇక్కడే కథ అడ్డం తిరిగింది. 2008లో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాల మామూలు రొమ్ము కణాలను కదిలే రకంగా మార్చినప్పుడు, అవి సీడీ44 పెరిగి సీడీ24 తగ్గిన రూపంలోకి వచ్చి, మూలకణాల్లా ప్రవర్తించాయి. 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఎలుకల పెద్దపేగు క్యాన్సర్‌ను గమనించారు. అసలు కణితిని వదిలి బయల్దేరిన కణాల్లో ఎక్కువ భాగానికి ఎల్‌జీఆర్5 అనే మూలకణ గుర్తు లేదు. కొత్త చోట స్థిరపడ్డాక ఆ గుర్తున్న కణాలు వాటిలోంచే పుట్టాయి. కర్మాగారంలో పనిని బట్టి హెల్మెట్ రంగు మారినట్టు కణమూ అవసరాన్ని బట్టి గుర్తు మారుస్తుంది. గేటు దగ్గర ఒక్క రంగు హెల్మెట్లనే ఆపితే మిగతావాళ్లంతా దర్జాగా దాటిపోతారు.

అలాగైతే మూలకణాల సిద్ధాంతమంతా ప్రయోగశాల భ్రమేనా అని అడగవచ్చు. కాదు. 2012లో మూడు బృందాలు కణితిని ఛిద్రం చేయకుండా, ఎలుకలో ఉన్నదున్నట్టుగానే కణాల వంశక్రమాన్ని అనుసరించి, కొన్ని కణాలే పెరుగుదలకు ఆధారంగా ఉన్నాయని చూపాయి. 2017లో జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు ఎల్‌జీఆర్5 కణాలను చంపితే ఎలుక పేగులోని కణితి పెరగడం ఆగింది తప్ప కరగలేదు. చంపడం ఆపగానే ఆ కణాలు తిరిగొచ్చాయి. కాలేయంలో కొత్త కణితి నిలదొక్కుకోవడానికి మాత్రం అవి తప్పనిసరయ్యాయి. అంటే మూలకణ స్థితి నిజం, దాని అవసరమూ నిజం. అది ఎప్పటికీ కొన్ని కణాలకే పరిమితమన్నదే నిలబడని మాట.

అపోహ: ఆ గుర్తుకు గురిపెట్టి మందు వేస్తే క్యాన్సర్ సమూలంగా పోతుంది.

వాస్తవం: సీడీ44లోని వీ6 రూపాన్ని వెతికి విషాన్ని చేరవేసే బివాటుజుమాబ్ మెర్టాన్సిన్ అనే మందును తల, మెడ, రొమ్ము క్యాన్సర్ రోగుల మీద పరీక్షించారు. ఆ గుర్తు చర్మకణాల మీదా ఉంది. ఒక రోగి చర్మం తీవ్రంగా దెబ్బతిని చనిపోవడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. హెర్2 అనే గుర్తు మీద పనిచేసే మందు రొమ్ము క్యాన్సర్‌లో ఎందరినో కాపాడలేదా అంటే, కాపాడింది. అక్కడ ఆ ప్రోటీన్ కణితిలో విపరీతంగా పెరిగి, దాని పెరుగుదలనే నడుపుతుంది. గుర్తు ఉండటం ఒకటి, కణితి దాని మీద ఆధారపడటం మరొకటి. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల లెక్కకూ ఇదే వర్తిస్తుంది. ఎప్‌క్యామ్ అనే గుర్తుతో పట్టే పరీక్షలో, అప్పటికే పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్నవారి 7.5 మిల్లీలీటర్ల రక్తంలో 5 లేదా అంతకన్నా ఎక్కువ కణాలు దొరికితే జబ్బు గడ్డుగా ఉన్నట్టు లెక్క. అయితే ఎప్‌క్యామ్ వదిలేసిన కణాలు ఆ వలకు చిక్కవు. ఆ లెక్కను చూసి కీమోథెరపీ మందును ముందే మార్చినా ఆయుష్షు పెరగలేదని 2014లో వెలువడిన అమెరికా అధ్యయనం చెప్పింది.

అపోహ: ముక్క తీసి పరీక్షించే బయాప్సీ కోసం సూది గుచ్చినా, కత్తి పడినా క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: కాలేయ కణితుల్లో సూది దారి వెంట కణాలు నాటుకోవడం అరుదుగా జరుగుతుంది. వృషణాల కణితికి బయట నుంచి సూది గుచ్చకూడదని వైద్యులకు తెలుసు. నోటి పుండుకు ఈ భయాన్ని అంటగట్టడం పొరపాటు. కణం ఊడినంత మాత్రాన పాకినట్టు కాదు. అది రక్తంలో బతకాలి, నాళం దాటాలి, పరాయి కణజాలంలో నిలవాలి, మళ్లీ పెరిగే స్థితికి రావాలి. ఎక్కువ కణాలు ఈ దారిలోనే చస్తాయి. ఆ దారి తొక్కే అవకాశాన్ని రోజూ పెంచేది బయాప్సీ కాదు, బయాప్సీని వాయిదా వేయడం.

రూపం మార్చుకునే శత్రువుకు కాలమే బలం. కణితి పెరిగేకొద్దీ కణాలు ఎక్కువవుతాయి, వాటి స్థితులూ ఎక్కువవుతాయి. ఒక్క గుర్తుతో, ఒక్క మందుతో చుట్టుముట్టడం కష్టమవుతుంది. చిన్నగా, ఒకచోట ఉన్నప్పుడు కోసి తీసేస్తే గుర్తున్నవీ లేనివీ కలిసే పోతాయి. కాబట్టి మూలకణాల పరీక్ష పేరుతో ఎవరైనా డబ్బడిగితే, ఆ ఫలితంతో చికిత్స ఏం మారుతుందో ముందు అడగండి. నోట్లో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనిపించినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా, నోరు తెరవడం కష్టమైనా ఏ గుర్తు పరీక్ష కోసమూ ఆగకుండా డాక్టరుకు చూపించండి. మావా మానేయడానికైతే అన్ని రోజులూ ఆగక్కర్లేదు.