మీకు తెలుసా? కాన్పు గాయాల ముప్పును కొంతవరకు ముందే పసిగట్టవచ్చు

దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతుంటే ‘పిల్లల్ని కన్నాక ఇంతేలే’ అని సరిపెట్టుకునే తల్లులు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోనే కాదు, ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అది తలరాత కాదు. దానికి కారణాలున్నాయి, వైద్యమూ ఉంది.

● మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింద ఉట్టిలా పట్టి ఉంచే కండరాలనే పెల్విక్ ఫ్లోర్ అంటారు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు వీటిలో కొన్ని మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతాయని 2004లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు.

● ఈ కండరాలు దెబ్బతినే ముప్పు ఎప్పుడు ఎక్కువ? తొలి కాన్పులో. బిడ్డ బరువు 4 కిలోలు దాటినప్పుడు. బిడ్డ ముఖం తల్లి వీపు వైపు కాక పొట్ట వైపు తిరిగి ఉన్నప్పుడు. ముక్కే దశ మరీ ఎక్కువసేపు సాగినప్పుడు. ఫోర్సెప్స్ అనే పట్టకారు లాంటి పరికరంతో బిడ్డను బయటికి తీసినప్పుడు. ఈ కండరాలకు బిడ్డ తలను పీల్చి పట్టి లాగే వ్యాక్యూమ్ పరికరం వల్ల జరిగే హాని ఫోర్సెప్స్ కంటే తక్కువ.

● గర్భిణికి షుగర్ అదుపులో లేకపోతే బిడ్డ మరీ బరువు పెరగవచ్చు. అందుకే నెలలు నిండేదాకా ఆగకుండా షుగర్ పరీక్ష చేయించుకోవాలి.

● సాధారణ కాన్పులో అందరికీ యోని ద్వారం దగ్గర కోత పెట్టి కుట్లు వేయడం వద్దని, బిడ్డ రావాలని పొట్ట పైనుంచి నొక్కడం కూడా వద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ముక్కే సమయంలో వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో యోని, మలద్వారాల మధ్య భాగానికి కాపడం పెడితే పెద్ద చిరుగులు తగ్గుతాయి. కోత తప్పనిసరైతే నేరుగా మలద్వారం వైపు కాక పక్కకు ఏటవాలుగా పెట్టాలి.

● 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. సిజేరియన్‌తో ఈ ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. తొమ్మిది నెలలు మోసిన బరువు కూడా ఆ కండరాలను వదులు చేస్తుంది. పైగా ఆపరేషన్‌కు దాని ప్రమాదాలు దానికున్నాయి.

● బాలింతకు కట్టే నడికట్టు పొట్టకు ఆసరా ఇస్తుందేమో కానీ ఈ కండరాలను బిగించలేదు. వాటికి వ్యాయామమే మందు. మూత్రం ఆపుకుంటున్నట్టుగా కండరాలను కొన్ని క్షణాలు బిగించి వదలాలి. ఇలా రోజుకు కొన్నిసార్లు చేయాలి. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు.

అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. మూత్రం, మలం ఆపుకోలేకపోయినా, కింద ఏదో జారినట్టు అనిపించినా సిగ్గుపడి దాచుకోకండి. నాట్లకు, బరువుల పనికి తొందరపడి వెళ్లకండి. ఆశా కార్యకర్తకో, ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మకో చెప్పండి. గర్భసంచి తీసేయడమే దారి అని ఎవరైనా అంటే, ఇంకో డాక్టరును కూడా అడిగి తెలుసుకోండి.