పుదీనా నూనె: చల్లదనం వేరు, చికిత్స వేరు

చలికాలం వచ్చిందంటే మన ఆదిలాబాద్ ప్రాంతంలో వణుకు తప్పదు. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచుగా ఇక్కడే నమోదవుతాయి. ఇంటింటా సర్ది, దగ్గు మొదలవుతాయి. అప్పుడు అందరి చేయీ అలమారలోని చిన్న సీసా మీదికే పోతుంది. అది అమృతాంజనం కావచ్చు, జిందా తిలిస్మాత్ కావచ్చు, కిరాణం దుకాణంలో కొన్న పుదీనా పువ్వు కావచ్చు. వీటన్నిటిలో చల్లదనం ఇచ్చే పదార్థం మెంథాల్. ఇది పుదీనా జాతి మొక్కల నూనెలో ఉంటుంది. ఈ నూనె ఎక్కడి నుండి వచ్చింది, దేనికి పనికివస్తుంది, ఎవరికి వాడకూడదు అనే సంగతులు తెలుసుకుందాం.

పుట్టుపూర్వోత్తరాలు

పుదీనా మనుషులకు చాలా పాత పరిచయం. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో, పరిసయ్యులు పదియవ వంతు చెల్లించిన వాటిలో పుదీనా పేరు మనము చదువుతాము. మన పిప్పరమెంటు బిళ్ళలకు పేరిచ్చిన మొక్క మాత్రం వేరు. నీటి పుదీనా, తోట పుదీనా అనే రెండు రకాలు కలిసి పుట్టిన సంకరజాతి ఇది. విత్తనాలతో పెరగదు. పెరట్లో పుదీనా కాడ గుచ్చినట్లే దీనినీ కాడలతో పెంచుతారు.

మిరియాల ఘాటు గల ఈ పుదీనాను 1696లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ రే వర్ణించాడు. 1721లో ఇది లండన్ వైద్యుల ఔషధ గ్రంథంలో చేరింది. ఆ శతాబ్దంలోనే లండన్ దగ్గరి మిచమ్‌లో తోటలు వేసి, ఆకును ఆవిరిపట్టి నూనె తీయసాగారు. కడుపు ఉబ్బరం, అజీర్ణం, వికారం, తలనొప్పి వంటి వాటికి దీనిని వాడేవారు.

మన దేశంలో మెంథాల్ కోసం పండించేది దీని దగ్గరి బంధువైన జపాన్ పుదీనా. ఇది 1950లలో ఇక్కడికి వచ్చింది. లక్నోలోని సీమ్యాప్ పరిశోధన సంస్థ మంచి రకాలను తయారుచేసి రైతులకు అందించింది. నేడు ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ వంటి జిల్లాలు దీనికి పేరుపొందాయి. క్వింటాలు పచ్చి ఆకుకు కిలో నూనె కూడా రావడం కష్టం. కనుక పుదీనా పచ్చడి తిన్నట్లు ఈ నూనెను నోట్లో వేసుకోరాదు.

మన ఇళ్ళలోకి

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. హైదరాబాద్‌లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ గారు 1920లో జిందా తిలిస్మాత్ తెచ్చారు. పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం ఒకే సీసాలో వేస్తే అవి కరిగి నూనెలా మారడం మన పెద్దలకు తెలిసిన సంగతే.

ముక్కు నిజంగా తెరుచుకుంటుందా?

మన చర్మంలోని నరాలకు చలిని గుర్తించే ద్వారాలు ఉన్నాయి. మెంథాల్ తాకగానే, నిజంగా చలి తగిలినట్లే అవి తెరుచుకుంటాయి. ఈ సంగతి 2002లో తేలింది. ఇలాంటి పరిశోధనలకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. మెంథాల్ పీల్చినప్పుడు గాలి బాగా ఆడుతున్నట్లు అనిపిస్తుంది. కానీ ముక్కులోని వాపు తగ్గదు, ఊపిరితిత్తులలోని జబ్బు పోదు. హాయి కలిగిందంటే జబ్బు నయమైందని కాదు.

పెద్దలు ఎలా వాడాలి?

తలనొప్పికి కణతలపై, ఒళ్ళునొప్పులకు నొప్పి ఉన్నచోట పలుచగా రాసుకోవచ్చు. కళ్ళలో పడనీయకండి. పుండ్ల మీద, పగిలిన చర్మం మీద రాయకండి. ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవారు పుదీనా నూనెను లోపలికి తీసుకుంటే మంట ఎక్కువ కావచ్చు.

పసిపిల్లల విషయంలో జాగ్రత్త

రెండేళ్ళలోపు పిల్లలకు మెంథాల్, కర్పూరం ఉన్న బాము గానీ నూనె గానీ ముక్కుకు, ముఖానికి, ఛాతీకి రాయకండి. ఆ ఘాటుకు పసిబిడ్డ గొంతు బిగుసుకొని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. కర్పూరం మింగితే ఫిట్స్ రావచ్చు. పుదీనా పువ్వు, కర్పూరం పటికబెల్లం ముక్కల్లాగే కనబడతాయి కాబట్టి పిల్లలకు అందనంత ఎత్తులో దాచండి. మరిగే నీళ్ళ గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టకండి, ఒళ్ళు కాలుతుంది.

సర్ది చేసిన బిడ్డను వెచ్చగా ఉంచండి, తల్లిపాలు మాటిమాటికీ ఇవ్వండి. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు బట్ట పైకెత్తి, ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి:

- 2 నెలలలోపు: 60 లేదా అంతకంటే ఎక్కువ
- 2 నెలల నుండి ఏడాది లోపు: 50 లేదా అంతకంటే ఎక్కువ
- 1 నుండి 5 ఏళ్ళలోపు: 40 లేదా అంతకంటే ఎక్కువ

ఇలా ఉంటే న్యుమోనియా కావచ్చు. బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించండి. డొక్కలు ఎగరేయడం, పాలు తాగలేకపోవడం, ఫిట్స్, లేపినా లేవని మగత, వీటిలో ఏ ఒక్కటి కనబడినా అది అత్యవసరం. రాత్రయినా సరే, తెల్లవారే దాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇంట్లో బాము రాసి చూద్దామని కూర్చుంటే విలువైన సమయం పోతుంది. అమ్మమ్మలకు, నానమ్మలకు కూడా ఈ సంగతి చదివి వినిపించమని కోరుతున్నాము.