తర్రెం దారిలో కెమెరా

డాక్యుమెంటరీ చిత్రం అనగానే మీ ఇంట్లోని పెద్దవాళ్లకు సినిమా హాలులో అసలు సినిమాకు ముందు వేసిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలు గుర్తుకు వస్తాయి. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, గణతంత్ర దినోత్సవ కవాతులు. 1948లో ఏర్పడిన ఆ సంస్థ చిత్రాల్లో ఆదివాసులు కూడా కనిపించేవారు, ఎక్కువగా నృత్యం చేస్తూ. వారు మాట్లాడుతూ కనిపించడం అరుదు. ఆదివాసి కెమెరా ముందు నోరు విప్పినప్పుడు ఆ మాట సాక్ష్యంగా ఎలా నిలుస్తుంది? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇది. ఇందుకు బస్తర్ ప్రాంతాన్ని, అందులోనూ తర్రెం పరిసరాలను ఉదాహరణగా తీసుకుందాం.

బస్తర్‌కు సినిమా కెమెరా కొత్త కాదు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ నారాయణపూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ అనే మురియా గ్రామంలో ఒక చిత్రం తీశాడు. 1957లో విడుదలైన ఆ చిత్రం ఇంగ్లీషులో 'ది ఫ్లూట్ అండ్ ది యారో' పేరుతో ప్రసిద్ధం. సంగీతం రవిశంకర్‌ది. 1958లో కాన్ చిత్రోత్సవానికి వెళ్లింది. అందులో కనిపించిన చెంద్రూ అనే బాలుడు పులిపిల్లతో ఆడుకునే పిల్లవాడిగా ప్రపంచానికి పరిచయమయ్యాడు, స్వీడన్ కూడా వెళ్లివచ్చాడు. తరువాత జీవితమంతా తన ఊళ్లో పేదరికంలోనే గడిపి 2013లో మరణించాడు. చిత్రం అందమైనదే. కాని ఆ గ్రామం గురించి ఏం చెప్పాలో నిర్ణయించినది ఆ గ్రామం కాదు.

ఈ పరిస్థితి మారడానికి చాలాకాలం పట్టింది. ఫిల్ము ఖరీదైనది, వీడియో వచ్చాక ఖర్చు తగ్గింది. రాంచీలోని 'అఖ్‌డా' సంస్థకు చెందిన మేఘనాథ్, బిజు టొప్పో 2003లో, అభివృద్ధి తుపాకీ గొట్టం నుంచి వస్తున్నదనే అర్థం వచ్చే పేరుతో ఒక చిత్రం తీశారు. ఒడిశాలోని కాశీపూర్, జార్ఖండ్‌లోని కోయెల్‌కారో వంటి చోట్ల, భూమి వదలబోమన్న ప్రజలపై జరిగిన కాల్పులను అది ఒకచోట చేర్చింది. ఈ ఇద్దరిలో బిజు టొప్పో స్వయంగా ఆదివాసి. కెమెరా వెనక నిలబడిన మనిషి మారితే ముందు కూర్చున్న మనిషి మాట్లాడే తీరు కూడా మారుతుంది.

చిత్రం తీసినంత మాత్రాన పని పూర్తికాదు, అది ప్రేక్షకులను చేరాలి. జాతీయ టెలివిజన్ పాఠంలో ఈ సంగతి దాటవేయడం న్యాయం కాదు. భోపాల్ విషవాయు దుర్ఘటనపై తపన్ బోస్ తీసిన 'బియాండ్ జెనోసైడ్' జాతీయ పురస్కారం పొందినా దూరదర్శన్ దానిని ప్రసారం చేయడానికి నిరాకరించింది. ప్రభుత్వాన్ని విమర్శించడం నిరాకరణకు కారణం కాజాలదని 1992లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆనంద్ పట్వర్ధన్ కూడా తన చిత్రాల కోసం పదే పదే కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది.

ఇక తర్రెంకు వద్దాం. బీజాపూర్ జిల్లాలో బాసగూడ నుంచి జగర్‌గుండకు వెళ్లే దారిలో ఉన్న ఊరు ఇది. తెలుగు వారికి మరీ దూరం కాదు. ఈ జిల్లా నుంచి ఏటా ఎందరో మిర్చి ఏరడానికి తెలంగాణకు వస్తారు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత వేలమంది ఊళ్లు వదిలి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు.

బాసగూడ దగ్గర సార్కెగూడ అనే ఊరు ఉంది. 2012 జూన్ 28 రాత్రి అక్కడ భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు, వారిలో మైనర్లు కూడా ఉన్నారు. అది మావోయిస్టులతో ఎదురుకాల్పులని ప్రభుత్వం ప్రకటించింది. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని ఊరివారు చెప్పారు. ఆ రాత్రికి కెమెరా సాక్ష్యం లేదు. మిగిలింది ఊరివారి మాట, శవాలపై గాయాలు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో బయటికి వచ్చింది. చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని, ఊరివారు కాల్పులు జరపలేదని అది తేల్చింది. ఏడేళ్లపాటు వాళ్లు ఒకే మాట చెబుతూ ఉండవలసి వచ్చింది.

2021 నాటికి పరిస్థితి వేరు. ఏప్రిల్ 3న తర్రెం అడవుల్లో మావోయిస్టుల దాడిలో 22 మంది జవాన్లు మరణించారు. వారిలో జిల్లా రిజర్వ్ గార్డ్‌కు చెందినవారూ ఉన్నారు. ఆ దళంలో ఎక్కువమంది స్థానిక ఆదివాసులే. బందీగా పట్టుబడిన సి.ఆర్.పి.ఎఫ్. జవానును ఏప్రిల్ 8న వందలాది గ్రామస్థుల ఎదుట విడుదల చేశారు. ఆ దృశ్యం వీడియోలో ఉంది. మే నెలలో సమీపంలోని సిల్గేర్‌లో రాత్రికి రాత్రి భద్రతా దళాల క్యాంపు వెలిసింది. దానికి వ్యతిరేకంగా గుమిగూడిన జనంపై మే 17న కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు. తొక్కిసలాటలో గాయపడిన ఒక గర్భిణి ఆ తరువాత చనిపోయింది. జనాన్ని మావోయిస్టులు రెచ్చగొట్టారని పోలీసులు అన్నారు. బడి కావాలి, ఆసుపత్రి కావాలి, క్యాంపు వద్దు అంటూ జనం ఆ రోడ్డు పక్కనే నెలల తరబడి కూర్చున్నారు. ఈ ధర్నా దృశ్యాలు విరివిగా దొరుకుతాయి.

అయితే ఈ దృశ్యాలను చూడడం కూడా నేర్చుకోవలసిన విద్యే. విడుదల దృశ్యం విడుదలను చూపుతుంది. అంతమంది గ్రామస్థులు అక్కడికి ఇష్టంతో వచ్చారో, రాక తప్పక వచ్చారో చూపదు. ఏప్రిల్ 3 నాటి అడవిని అది అసలే చూపదు. భాష సంగతి మరీ ముఖ్యం. ప్రశ్న హిందీలో అడుగుతారు. ఒక ముసలమ్మ గోండీలో రెండు నిమిషాలు చెబుతుంది. పక్కనున్న యువకుడు దానిని ఒక్క వాక్యంలో హిందీలోకి తెస్తాడు. తెర కింద మనం చదివేది ఆ ఒక్క వాక్యానికి మరో అనువాదం. ఆ రెండు నిమిషాల్లో ఎవరి పేర్లు వచ్చాయి, ఏ పొలం గట్టు మాట వచ్చింది, ఎవరిని తిట్టింది అన్నవి దారిలోనే జారిపోతాయి. అందుకే కత్తిరించని అసలు రికార్డింగును దాచి ఉంచడం చిత్రం తీసినంత పని అని నా అభిప్రాయం. గోండీ తెలిసిన పిల్లలు పదేళ్ల తరువాత దానిని మళ్లీ వినవచ్చు.

సంజయ్ కాక్ 'రెడ్ ఆంట్ డ్రీమ్' (2013) బస్తర్‌లో సాయుధ దళాల దగ్గరకు వెళ్లి తీసిన చిత్రం. నియమగిరి, పంజాబ్ కూడా అందులో ఉన్నాయి. ధైర్యమైన ప్రయత్నమే. కాని ఏ పక్షాన్నీ కోరుకోకుండా మధ్యలో చిక్కిన గ్రామస్థుడి గొంతు అందులో నాకు తక్కువగా వినిపించింది. ఆ గొంతు ఎక్కువగా వినిపించినది స్థానిక విలేకరుల చిన్న వీడియోల్లో.

వారిలో ముకేశ్ చంద్రాకర్ ఒకరు. బాసగూడ ఆయన సొంత ఊరు. సల్వాజుడుం కాలంలో ఆయన కుటుంబం అక్కడి నుంచి కదలవలసి వచ్చింది. 'బస్తర్ జంక్షన్' అనే యూట్యూబ్ ఛానల్ నడిపేవారు. 2021 ఏప్రిల్‌లో జవాను విడుదల కోసం అడవిలోకి వెళ్లిన విలేకరుల్లో ఆయనా ఉన్నారు. బీజాపూర్ జిల్లాలో ఒక రోడ్డు పనిలో అవినీతి గురించిన కథనం వెలువడిన కొద్ది రోజులకే, 2025 జనవరి 1న ఆయన కనిపించకుండా పోయారు. మూడో తేదీన ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ఆయన వయసు 33 ఏళ్లు.