ఇంక్‌జెట్ ప్రింటర్: గ్యాస్ లైటర్‌కి, ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి లింకేంటి? ప్రింటర్ కొనేముందు ఇది తెలుసుకోండి!

వీధి మలుపులో పుట్టినరోజు ఫ్లెక్సీ, ఇంట్లో పాలరాయి డిజైన్ టైల్స్, ప్రింటర్ నుంచి వచ్చిన కలర్ ఫొటో.. ఈ మూడింటి వెనుక చాలాసార్లు ఒకటే టెక్నాలజీ ఉంటుంది. అదే పీజో ఇంక్‌జెట్. అసలు ఇదెలా పనిచేస్తుంది? ఇంటికి ప్రింటర్ కొనేవాళ్లకు దీంతో పనేంటి? చూద్దాం.

లైటర్‌కు రివర్స్‌లో..

వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కగానే టక్‌మని నిప్పురవ్వ వస్తుంది. లోపలున్న పీజో ముక్కపై దెబ్బ పడగానే కరెంటు పుట్టడమే దీనికి కారణం. ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్స్‌కు చెందిన అన్నదమ్ములు జాక్ క్యూరీ, పియర్ క్యూరీ కనిపెట్టారు. దీనికి రివర్స్ కూడా ఉంది. అదే ముక్కకు కరెంటు ఇస్తే కొద్దిగా వంగుతుంది.

ప్రింటర్ హెడ్‌లో జరిగేది ఇదే. ఇంకు నిండిన చిన్న అర గోడకు పీజో ముక్క అతికి ఉంటుంది. కరెంటు తగలగానే ముక్క వంగి అరను నొక్కుతుంది. వెంట్రుక కన్నా సన్నని రంధ్రం నుంచి ఇంకు చుక్క బయటికి దూకుతుంది. సెకనుకు వేలసార్లు ఇలా జరుగుతుంది. చుక్క సైజు కొన్ని పికోలీటర్లే. పికోలీటర్ అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు! కరెంటు ఇచ్చే తీరు మారిస్తే చుక్క సైజు కూడా మారుతుంది.

వేడి లేకపోవడమే ప్లస్

థర్మల్ ఇంక్‌జెట్‌లో చిన్న హీటర్ ఇంకును క్షణంలో మరిగిస్తుంది. ఆ ఆవిరి బుడగే చుక్కను బయటికి తోస్తుంది. కాబట్టి ఆ వేడికి పాడవని, ఆవిరయ్యే ఇంకే వాడాలి. పీజోలో మరిగించే పనే లేదు. అందుకే ఫ్లెక్సీకి వాడే సాల్వెంట్ ఇంకు, టైల్స్‌పై వేసే సిరామిక్ ఇంకు, బట్టల రంగులు, సర్క్యూట్లు గీసే వెండి ఇంకు కూడా ఇందులో పనిచేస్తాయి. అయితే ఇంకు మరీ చిక్కగా ఉండకూడదు.

మరి మైనస్?

ఇంకు ఎండితే రంధ్రాలు మూసుకుపోతాయి. గాలి బుడగ చేరినా చుక్క పడదు. ఇంటి పీజో ప్రింటర్లలో హెడ్ సాధారణంగా మెషీన్‌లోనే ఫిక్స్ అయి ఉంటుంది. అది పాడైతే ఖర్చు బాగానే అవుతుంది. కొన్ని థర్మల్ ప్రింటర్లలో మాత్రం హెడ్‌ను మనమే మార్చుకోవచ్చు.

ఇలా చేస్తే మేలు

* వారానికి ఒక్కసారైనా ఒక కలర్ పేజీ ప్రింట్ తీయండి.
* ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపండి. అప్పుడే హెడ్ తన మూత దగ్గరకు చేరుతుంది. నేరుగా గోడ స్విచ్ ఆపేస్తే మూత పడకుండానే ఆగిపోయి, ఇంకు ఎండిపోవచ్చు.
* గీతలు పడితే ముందు నాజిల్ చెక్ చేయండి. అవసరమైతేనే క్లీనింగ్ పెట్టండి. ప్రతి క్లీనింగ్‌కూ ఇంకు ఖర్చవుతుంది.

నెలకోసారి కూడా ప్రింట్ తీయని ఇంటికి ఇంక్‌జెట్ కన్నా లేజర్ ప్రింటర్ నయం. అందులో ఎండిపోయే ఇంకే ఉండదు, పొడి టోనర్ ఉంటుంది.