ఆకుది ఇంటిపేరు, పువ్వుది పేరు

పాత మామిడి కొమ్మను పట్టుకుని, పట్టీల్లాంటి ఆకులతో, గాలిలోకి వేలాడే లావుపాటి వేర్లతో ఒక మొక్క కనిపిస్తుంది. ఊళ్లో దాన్ని బదనిక అని తేల్చేస్తారు. చెట్టు రసం పీల్చి బతికే అసలు బదనికకూ అదే పేరు కాబట్టి పాపం ఈ మొక్కకు దొంగ అన్న నింద కూడా తప్పదు. ఆర్కిడ్ చెట్టు నుంచి ఏమీ పీల్చదు, దానికి కావలసింది నిలబడటానికి చోటు. సరే, ఇది ఏ ఆర్కిడ్ అని అడిగితే తెలిసినవాళ్లు కూడా ‘పూసినప్పుడు చూద్దాం’ అంటారు. ఆ జవాబులో నిజం సగమే. పువ్వు చూడనిదే చివరి మాట చెప్పలేం, ఒప్పుకోవాల్సిందే. అయితే పువ్వొక్కటే చూసి చెప్పిన మాటనూ అంతే అనుమానించాలి. ఆర్కిడ్లను గుర్తుపట్టడానికి తెలుగువాళ్లు పేరు రాసుకునే వరసే సరైనది: ముందు ఇంటిపేరు, ఆ తర్వాత పేరు. ఇంటిపేరు ఆకూ కాండమూ వేరూ చెబుతాయి. పేరు పువ్వు చెబుతుంది.

పువ్వుకు అంత పెద్దపీట ఊరికే వేయలేదు. ప్రపంచంలో సుమారు 28 వేల ఆర్కిడ్ జాతులున్నాయి, మన దేశంలోనే 1,250 దాకా ఉన్నాయి. దాదాపు అన్నింటిదీ ఒకటే కట్టడం. మూడు రక్షకపత్రాలు, మూడు ఆకర్షణపత్రాలు. ఆ మూడింటిలో ఒకటి తోటివాటితో పోలిక లేకుండా మారిపోయి పెదవి అవుతుంది. కేసరమూ కీలమూ కలిసిపోయి నడుమ ఒకే స్తంభంగా నిలుస్తాయి. పుప్పొడి చాలావాటిలో పొడిగా రాలదు, ముద్దలుగా ఉంటుంది. తేడాలన్నీ ఈ కట్టడం లోపలే వెతకాలి. ముద్దలు వాండాలో రెండు, డెండ్రోబియంలో నాలుగు, ఎరియాలో ఎనిమిది. పెదవికి తేనెగొట్టం ఉందా, ఉంటే ఎటు తిరిగింది? ఏరిడిస్‌లో అది ముందుకు వంగుతుంది. డెండ్రోబియంలో స్తంభం అడుగు సాగి గడ్డంలా పొడుచుకొస్తుంది. ఇవి తెలియాలంటే పువ్వును పక్కనుంచి చూడాలి, ఒక్కోసారి భూతద్దం కింద పెట్టాలి. ఫోన్‌తో ఎదురుగా తీసిన ముచ్చటైన ఫొటోలో మిగిలేది ముఖ్యంగా రంగు. సాక్ష్యాలన్నింటిలో బలహీనమైనది అదే. మామిడి చెట్ల మీద కనిపించే వాండా టెసెల్లాటానే తీసుకోండి. రేకుల మీద గళ్లు ఒకచోట పసుపు, ఇంకోచోట ఆకుపచ్చ, మరోచోట గోధుమ రంగు. పెదవి ఊదా కావచ్చు, నీలం కావచ్చు, గులాబీ కావచ్చు. అన్నీ ఒకే జాతి.

రంగును పక్కనపెట్టి ఆకారాన్ని నమ్మినా పువ్వు మోసం చేయగలదు. దీనికి వృక్షశాస్త్ర చరిత్రలోనే పెద్ద రుజువు కాటాసీటం. దక్షిణ అమెరికాకు చెందిన ఈ ఆర్కిడ్ పువ్వులను ఒకప్పుడు కాటాసీటం, మొనాకాంతస్, మయాంతస్ అని మూడు వేర్వేరు ప్రజాతులుగా లెక్కపెట్టారు. అంత తేడాగా ఉండేవి మరి. గయానాలో తిరిగిన రాబర్ట్ షోంబర్గ్ ఆ మూడు రకాల పూలూ ఒకే మొక్కకు పూయడం చూసి బయటపెట్టాడు. అవి ఒకే జాతిలోని మగ, ఆడ, ద్విలింగ పువ్వులని 1862లో చార్లెస్ డార్విన్ వివరించాడు. పువ్వు పని పురుగును రప్పించడం. వచ్చే పురుగు మారితే పువ్వు రూపం కూడా తొందరగా మారిపోగలదు. మొక్క ఒడ్డూపొడుగూ అంత తొందరగా మారవు. జపాన్‌లో అపురూపంగా పెంచే నియోఫినేషియాది తెల్లటి చిన్న పువ్వు. రాత్రి తిరిగే చిమ్మట కోసం పొడవాటి తేనెగొట్టం. ఆస్కోసెంట్రం పువ్వులు అంతకన్నా చిన్నవి, కొట్టొచ్చే రంగులవి. పువ్వును బట్టి రెండింటినీ చాలాకాలం వేరే ప్రజాతులుగానే ఉంచారు. డీఎన్ఏ పరీక్షల ఆధారంగా 2012లో రెండింటినీ వాండాలో కలిపేశారు. రెండు వరుసల్లో మడతపడ్డ దళసరి ఆకులు, పైకే పెరిగే ఒంటి కాండం, లావు వేర్లు చూస్తే అవి దాయాదులని అనుమానం రాక మానదు. డీఎన్ఏ చెప్పిన చుట్టరికం మొక్క ఒంటిమీద ముందునుంచీ ఉంది.

అయితే ఆకులో ఏది చదవాలో తెలియాలి. పొడవు, వెడల్పు, పచ్చదనం నమ్మదగ్గవి కావు. ఒకే వాండా ఎర్రటి ఎండలో పొట్టిగా, పసుపుదేరి ఉంటుంది. నీడలో అదే ముదురు పచ్చగా పొడవుగా సాగుతుంది. చూడాల్సింది ఆకు అమరికను. మొక్క ఒకే కొసతో పైకి పెరుగుతోందా, అడుగున పాకుతూ దుంపల్లా ఉబ్బిన కాండాలు వేస్తోందా? ఒక్కో ఉబ్బుకు ఒకే ఆకుంటే బల్బోఫిల్లం గుర్తుకు రావాలి. ఆకులు చదునుగా ఒకదాన్నొకటి పొదువుకుని విసనకర్రలా పరుచుకుంటే ఒబెరోనియా. పెన్సిల్‌లా గుండ్రంగా ఉంటే లూసియా. మడతలు మడతలుగా పలచగా ఉంటే కలాంథె వైపు వెతకాలి. వీటిలో ఏదీ తీర్పు కాదు గానీ, వెతకాల్సిన 1,250 పేర్లు ఒక్కసారిగా కొన్ని పదులకు దిగివస్తాయి.

ఈ పద్ధతి ఎక్కడ తడబడుతుందో చూపే ఉదాహరణ కూడా మన గడ్డ మీదే ఉంది. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795లో వెలువడిన గ్రంథంలో రెండు ఆర్కిడ్లను వర్ణించాడు. రెండింటికీ కొసలు కొరికేసినట్టుండే పట్టీ ఆకులే. చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లను ఎక్కువగా ఒకే గాటన కట్టే కాలం కాబట్టి రెండింటినీ ఎపిడెండ్రం అన్నాడు. ఇప్పుడు ఎపిడెండ్రం అమెరికా ఖండాలకే పరిమితం. ఆయన చెప్పిన మొదటి మొక్క వాండా టెసెల్లాటా, రెండోది అకాంపే ప్రీమోర్సా. అన్నట్టు, 1820లో రాబర్ట్ బ్రౌన్ వాండా ప్రజాతిని నెలకొల్పింది ఆ మొదటి మొక్క ఆధారంగానే. వాండా ఆకు సన్నగా, ‘వి’ ఆకారంలో మడతపడి, కొసన పళ్లతో ఉంటుంది. అకాంపే ఆకు మరింత మందం, కొస నొక్కుపడి రెండుగా చీలుతుంది. ఆ తేడాతో అనుమానపడొచ్చు, పందెం మాత్రం కాయలేం. పూస్తే ఇక చర్చే లేదు. వాండాది విడివిడిగా నిలిచే పెద్ద పువ్వు. అకాంపేది గుత్తిగా పూసే చిన్న దళసరి పసుపు పువ్వు, దాని మీద ఎర్రటి చారలు.

ఆకే లేని ఆర్కిడ్లను ఏం చేస్తారని అడగొచ్చు. టీనియోఫిల్లంలో పచ్చటి వేర్లే ఆకుల పని చేస్తాయి. గాస్ట్రోడియాలో పచ్చదనమే ఉండదు, అది శిలీంద్రాల మీద ఆధారపడి బతుకుతుంది. నెర్విలియా ముందు పూసి, పువ్వు పోయాకే ఆకు వేస్తుంది. ఈ మినహాయింపులు నా వాదనను దెబ్బతీయవు. ఆకు లేకపోవడమే అక్కడ మొదటి ఆనవాలు. మొబైల్ యాప్ ఉండగా ఇదంతా ఎందుకన్నది రెండో ప్రశ్న. యాప్ మన ఫొటోలో ఉన్నదాన్నే చూస్తుంది. తేనెగొట్టం కనిపించని ఫొటోకు కూడా ఏదో ఒక పేరు చెప్పకుండా ఊరుకోదు. డీఎన్ఏ గట్టి సాక్షే, కాదనను. కానీ పోల్చి చూడటానికి సరిగ్గా గుర్తించిన నమూనా ఉండాలి, దాన్ని గుర్తించింది మళ్లీ ఆకూ పువ్వూ చదివిన మనిషే. ఎగుమతుల తనిఖీలోనూ ఇదే అవసరం. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటిస్ పరిధిలో ఉంది. అడవి నుంచి పెరికిన మొక్క పెట్టెలో పూలతో రావాలని లేదు. అప్పుడు అధికారికి దొరికేది ఆకులూ వేర్లే.

నర్సరీ మొక్కల సంగతికి వస్తే ఆకూ పువ్వూ రెండూ చేతులెత్తేస్తాయి. మనుషులు కలిపిన తొలి ఆర్కిడ్ సంకరం 1856లో ఇంగ్లండ్‌లో పూసింది. లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ రిజిస్టరులో ఇప్పుడు లక్షకు పైగా సంకరాలున్నాయి. బాల్కనీలో పూసిన గులాబీ రంగు ఫాలెనాప్సిస్‌ను వేర్వేరు తల్లిదండ్రుల నుంచి ఎన్నో రకాలుగా పుట్టించవచ్చు. ఫలానా సంకరమని ఫొటో చూసి చెప్పేవాళ్లు ఊహిస్తున్నారు, గుర్తుపట్టడం లేదు. అలాంటి మొక్కకు ‘ఫాలెనాప్సిస్ సంకరం, పేరు తెలియదు’ అన్నదే సరైన జవాబు. అడవి మొక్కకైతే ఆకు కొస, ఆకు మొదలు, పువ్వు ముందు భాగం, పక్క భాగం, పట్టుకున్న చెట్టు, పూసిన నెల నమోదు చేసి మొక్కను అక్కడే వదిలేయండి. కొన్న మొక్క కుండీలో గుచ్చిన ట్యాగు మాత్రం పారేయకండి. అది పోతే ఆ పేరు మళ్లీ ఎవరూ చెప్పలేరు.